అయిదు సిగ్నళ్ళు, నాలుగు చుక్కలు

మా ఆఫీసులో నన్ను తీసివేతమ్మ అంటారు. నా ముందు కాదు, వెనక. నాకు తెలుసన్న సంగతి వాళ్ళకీ తెలుసు. ఉద్యోగం అలాంటిది మరి. వైర్‌లెస్ పెట్టెల్లో ప్రయాణించే సిగ్నళ్ళని కాగితం మీద పరిచి, ఒకదాన్లోంచి ఇంకొకదాని వాటా తీసేస్తూ కూర్చోవడమే పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పని.

ఇదేం పనో ఇంట్లోవాళ్ళకి చెప్పలేక చాలాకాలం అవస్థ పడ్డాను. మా అక్కకి పాప పుట్టినప్పుడు దారి దొరికింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ముక్కు నాయనమ్మదన్నారు, నుదురు తాతదన్నారు, మొండితనం మాత్రం పిన్నిదేనని నాకు అంటగట్టారు. "ఇదిగో, నా పని ఇదే" అన్నాను బావతో. "నాయనమ్మ పోలిక తీసెయ్యండి. తాత పోలిక తీసెయ్యండి. ఇంకా ఏమైనా మిగిలితే అది పాప సొంతం. ఏమీ మిగలకపోతే కొత్తగా రాసుకోవాల్సిందేమీ లేదు, పాతవాళ్ళనే కలిపి రాసేసుకోవచ్చు." బావ కాసేపు ఆలోచించి, "అయితే ముందు నీ మొండితనం తీసెయ్యి మరదలా. మిగతావి ఉన్నా పెంచుకోగలం" అన్నాడు.

బావ సొరంగాలు తవ్వే మేస్త్రీ. కొండ కింద రైలు దారి కోసం తవ్వుతున్న సొరంగంలో నలభై ఆరుగురు రెండు షిఫ్టుల్లో పనిచేస్తారు. ముందు వరసలో నిలబడి రాయి మీద చెయ్యి వేసి చూసేది అతను. అందరి ఛాతీ మీదా మా కంపెనీ తయారుచేసిన బిళ్ళ ఒకటి వేలాడుతుంది. దానికి అయిదు బటన్లు. ఒకటి నొక్కితే పని సాగుతోందని. రెండు నొక్కితే బయటికి వస్తున్నామని. మూడు యంత్రం ఆగిందని, నాలుగు మనిషికి దెబ్బ తగిలిందని, అయిదు నీళ్ళు వస్తున్నాయని. ఒక్కో బటన్‌కీ ఒక్కో ఆకారంలో సిగ్నల్ బయల్దేరి గోడ మీది పెట్టెకి చేరుతుంది. అక్కణ్ణించి తీగ వెంట సొరంగం మొదట్లో ఉన్న కంట్రోల్ గదికి వెళ్తుంది. అక్కడి పెట్టె ఆకారాన్ని గుర్తుపట్టి తెర మీద మాట వేస్తుంది.

పాత పెట్టెల్లో సిగ్నల్‌కి ఒకటి చొప్పున అయిదు పోల్చే సర్క్యూట్లుండేవి. కొత్త బోర్డు చిన్నది, మూడింటికే చోటు. "అయిదుని మూడు చెయ్యి" అన్నారు మా మేనేజరు. గడియారం చూసుకోకుండా ఏ మాటా పూర్తి చెయ్యరు కనక ఆయన్ని గడియారం గారంటాం. అది కూడా వెనకే.

చేశాను. మొదటి సిగ్నల్‌నే మొదటి ఆధారంగా పెట్టుకున్నాను. రెండోదాన్లో మొదటిదాని వాటా ఎంతో కొలిచి తీసేస్తే మిగిలింది రెండో ఆధారం. ఇలా తీసుకుంటూ పోతే ఆధారాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. అంటే ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడదు, ఒకదాన్ని కొలుస్తుంటే రెండోది మధ్యలో తలదూర్చదు. మూడో సిగ్నల్‌లోంచి మొదటి రెండింటి వాటా తీస్తే సున్నా వచ్చింది, దానికి సొంత ఆస్తి ఏమీ లేదన్నమాట. నాలుగోదానికి మూడో ఆధారం కావలసివచ్చింది. అయిదోదాన్లోంచి తీయాల్సినవన్నీ తీశాక నలుసంత మిగిలింది. దాని శక్తి మొత్తంలో వందో వంతు కూడా లేదు.

మా దగ్గర ఒక అలవాటుంది. వందో వంతుకి తక్కువైతే పక్కన 'దుమ్ము' అని రాసి వదిలేస్తాం. పరికరాల్లోనే అంత గరగర ఉంటుంది, దాని వెంట పడితే పని తెమలదు. అయిదో సిగ్నల్ పక్కన దుమ్ము అని రాశాను. మూడు ఆధారాలతో లెక్క తేలింది. ఆ రోజు గడియారం గారు గడియారం చూసుకోకుండా నన్ను మెచ్చుకున్నారు. ఒళ్ళు తేలిపోయినట్టుంది నాకు, అబద్ధమెందుకు.

పెట్టెలు సొరంగానికి వెళ్ళిన రెండు నెలలకి కొత్త కొనుగోలుదారులెవరో వస్తున్నారని, గోడకి పెట్టడానికి ఒక రంగుల బొమ్మ గీయమన్నారు మేనేజరు. మూడు ఆధారాల్నీ ఒక గది పొడవు, వెడల్పు, ఎత్తు అనుకుంటే ప్రతి సిగ్నలూ ఆ గదిలో ఒక చుక్క. అయిదు సిగ్నళ్ళకి అయిదు చుక్కలు. పొద్దున్నే అయిదు రంగుల పెన్సిళ్ళు ముందేసుకుని, అంకెలు చూస్తూ చుక్కలు పెట్టి, అందం చూద్దామని రెండడుగులు వెనక్కి వేశాను. నాలుగే ఉన్నాయి.

ఎరుపు మర్చిపోయానేమో అనుకుని పెన్సిల్ తీసి మళ్ళీ పెట్టబోయాను. ఎరుపు అక్కడే ఉంది. ఆకుపచ్చ చుక్క మీద ఎక్కి కూర్చుంది. ఆకుపచ్చ పని సాగుతోందని. ఎరుపు నీళ్ళు వస్తున్నాయని.

సొరంగంలో నీళ్ళు పడి బావ అయిదో బటన్ నొక్కితే, పైన తెర మీద పని సాగుతోందని వస్తుంది. కంట్రోల్ గదిలో ఉన్నాయన సంతోషంగా కాళ్ళు చాపుకుంటాడు.

ఇంత తప్పు రెండు నెలలు ఎలా దాక్కుందని మీకు అనుమానం రావచ్చు. నన్ను నేనూ అదే నిలదీసుకున్నాను. మేం బోర్డుల్ని పరీక్షించేది ఆధారాలతోనే. మూడు ఆధారాల్నీ ఒక్కొక్కటిగా పంపుతాం, మూడింటినీ సరిగ్గా కొలిస్తే పాస్. మూడూ వచ్చాక వాటితో అల్లినవి రాకుండా ఎక్కడికి పోతాయని కొండంత ధీమా. అయిదు మాటల్నీ పంపి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఏ చుక్క ఏ మాటో పెట్టెకి చెప్పే పట్టికని కంప్యూటరే నింపింది. మొదటి వరసా అయిదో వరసా కవలల్లా ఉన్నాయని చెప్పడానికి దానికి నోరు లేదు. సొరంగంలో బిగించినవాళ్ళు ఒకటో బటన్ నొక్కి, తెర చూసి, సంతకం పెట్టుకుని వెళ్ళిపోయారు. మిగతావి నొక్కితే పని ఆపి జనం పరిగెత్తాలి, సరదాకి ఎవరు నొక్కుతారు?

ఆ అయిదు సిగ్నళ్ళనీ గీసిన పెద్దాయనకి ఫోన్ చేశాను. నాకు ఈ పని నేర్పింది ఆయనే. రిటైరై మొక్కలు పెంచుకుంటున్నారు.

"మాస్టారూ, అయిదో సిగ్నల్ చివర సన్నగా ముల్లులాంటిది ఉంది. ఎందుకండీ అది?"

"అదా. నీళ్ళ బటన్ వాళ్ళు తర్వాత అడిగారమ్మా. కొత్తది గీసే ఓపిక లేక మొదటిదాన్నే తీసుకుని చివర ముల్లు తగిలించాను. పాత పెట్టె ముల్లు ఎత్తు చూసి గంట కొట్టేది. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"దాని శక్తి వందో వంతు కూడా లేదండీ."

"ఎలా ఉంటుంది, అంత సన్నం కదా. దాని బలమంతా ఎత్తులోనే." అంతలో ఆయనకి అనుమానం వచ్చింది. "తీసేశావా?"

"తీసేశానండీ."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ముందు కింద ఉన్నవాళ్ళకి చెప్పు. లెక్క సంగతి తర్వాత" అన్నారు.

మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళాను. చెప్పిందంతా విని ఆయన గడియారం చూసుకున్నారు. "రెండు నెలలైంది. ఒక్క ఫిర్యాదు వచ్చిందా?"

"నీళ్ళొస్తే కదండీ ఫిర్యాదు. వచ్చాక చెయ్యడానికి మనుషులుండాలి."

"నువ్వు బొమ్మ చూసి బెదిరిపోతున్నావు."

"అయితే బొమ్మ వద్దు. రండి."

పరీక్షల బల్ల మీద బిళ్ళ ఒకటి, పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటాయి. బిళ్ళ ఆయన చేతికిచ్చాను. అయిదో బటన్ నొక్కారు. పని సాగుతోంది అంది తెర. మళ్ళీ నొక్కారు. మూడోసారి పళ్ళు బిగించి బొటనవేలితో నొక్కారు.

"గట్టిగా నొక్కితే మాట మారదు సార్" అన్నాను. ఇంకొకప్పుడైతే ఆ మాటకి నాకు మెమో వచ్చేది.

ఆయన అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయారు. నేను అనుకున్నంత పిరికివాడు కాదు. నా ఎదురుగానే సొరంగం ఆఫీసుకి ఫోన్ చేసి, అయిదో బటన్ మరమ్మతులో ఉందని, నీళ్ళొస్తే నాలుగోది నొక్కమని కింద పనిచేసే రెండు షిఫ్టులకీ చెప్పించారు. వాళ్ళు చెప్పామని తిరిగి ఫోన్ చేసేదాకా కదల్లేదు. ఆ తర్వాత మాత్రం గొంతు తగ్గించి, "సరిచెయ్యి. ఏం కావాలన్నా ఇస్తాను. కానీ కాగితం మీద ఒక్క ముక్క పెట్టొద్దు. రాతలోకి వెళ్ళిందంటే నీ ఉద్యోగమూ ఉండదు, నాదీ ఉండదు" అన్నారు. ఆ పూటకి నాకు కావలసింది ఆ ఫోన్. సరేనన్నాను.

బోర్డు మీద నాలుగో సర్క్యూట్‌కి చోటు లేదు. కొత్త బోర్డు చేయించాలంటే నెలలు. అంతకాలం నలభై ఆరుగుర్ని 'నీళ్ళొస్తే దెబ్బ తగిలిందనండి' అన్న మాట మీద వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. కంగారులో మనిషి వేలు అలవాటైన చోటికే పోతుంది. బొమ్మ ముందేసుకుని మళ్ళీ చూశాను. గదంతా ఖాళీగా పెట్టుకుని ఇద్దరు ఒకే కుర్చీలో ఇరుక్కున్నట్టుంది. బోర్డుని మార్చక్కర్లేదు, చుక్కని జరిపితే చాలు. సిగ్నల్ ఆకారం బిళ్ళలోని చిప్‌లో ఉంటుంది. ఉన్న మూడు ఆధారాలతోనే అయిదోదాన్ని కొత్తగా అల్లి, బిళ్ళల్లో తిరగరాసి, పెట్టెలో పట్టిక మార్చాలి. ఒక్కో బిళ్ళకీ నాలుగు నిమిషాలు.

ఎక్కడికి జరపాలి? ఒకటోదానికి వీలైనంత దూరంగా. ఒకటోదాన్ని తలకిందులు చేస్తే ఎదుటి గోడకి పోతుంది, అంతకన్నా దూరం లేదు. అరగంటలో లెక్క అయిపోయింది. అప్పుడే సొరంగంలో తీగలు చూసే లైన్‌మ్యాన్ కేబుల్ చుట్టలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆయనకి నా గొప్ప చూపించుకోవాలనిపించి కాగితం ముందు పెట్టాను.

ఆయన తల గోక్కున్నాడు. "మేడం, కింద తీగ తెగితే చీకట్లో తడుముకుంటూ అతుకుతాం. ఒక్కోసారి రెండు కొసలూ తారుమారవుతాయి. అప్పుడు మీ ఆకారం తలకిందులు కాదూ?"

అవుతుంది. పని సాగుతుంటే నీళ్ళని, నీళ్ళొస్తుంటే పని సాగుతోందని చూపిస్తుంది. పెనం మీంచి తీసి పొయ్యిలో పడేసినట్టే. కాగితం చింపేశాను. నా మీద నాకొచ్చిన కోపానికి ఆ ఒక్క కాగితం సరిపోలేదు.

తప్పు జరగదనుకుని లెక్క వేస్తే లాభం లేదు. జరిగినా జనం పరిగెత్తుకొచ్చే తప్పే జరగాలి. ఆ రోజు సాయంత్రానికి దారి తెలిసింది. అయిదోదాన్ని నాలుగోదానికి తలకిందులు చేశాను. తీగ తారుమారైతే నీళ్ళు దెబ్బగా కనిపిస్తాయి, దెబ్బ నీళ్ళుగా కనిపిస్తుంది. రెండిటికీ మనుషులు లోపలికి ఉరుకుతారు. మిగతా మూడూ తలకిందులైతే ఏ చుక్కకీ దగ్గరగా ఉండవు, అప్పుడు తెర 'తీగ చూడండి' అనేలా పెట్టాను. ఈసారి ఆధారాల్ని కాదు, అయిదు మాటల్నీ ఒక్కొక్కటి వెయ్యిసార్లు పంపాను. గరగర కలిపి పంపాను, తీగ తిప్పి పంపాను. రెండు రోజులు పట్టింది. నేను కుర్చీలోంచి లేస్తే లైన్‌మ్యాన్ కూర్చునేవాడు. ఒక్కసారి కూడా నీళ్ళని పని అనలేదు తెర.

మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టు మారేవేళకి సొరంగం దగ్గరికి వెళ్ళి, కంట్రోల్ గది వరండాలో బల్ల వేసుకున్నాం. లోపల్నించి వచ్చేవాళ్ళూ లోపలికి వెళ్ళేవాళ్ళూ వరసగా నిలబడి బిళ్ళలిచ్చారు. తిరగరాయడం, మెళ్ళో వెయ్యడం, "ఇప్పుడు అయిదు నొక్కండి" అనడం. తెర మీద 'నీళ్ళు వస్తున్నాయి' అని వస్తే తప్ప మనిషిని వదల్లేదు. నా మొండితనం ఏమిటో మొదటి పదిమందికే తెలిసిపోయింది. నలభై అయిదు అయ్యాయి. పదకొండో నంబరు బిళ్ళ రాలేదు.

"అది లోపల బీరువాలో ఉంది. ఇరవై రోజులుగా ఎవరూ వాడట్లేదు" అన్నాడు కంట్రోల్ గదిలో కూర్చునే క్లర్కు.

ఇరవై రోజుల వెనకటి రికార్డు తెరవమన్నాను. 'పని సాగుతోంది' అన్నది గంటకోసారి నొక్కాల్సిన బటన్. ఆ రోజు మధ్యాహ్నం పదకొండో నంబరు నుంచి రెండు నిమిషాల్లో ఏడుసార్లు వచ్చింది.

"ఇదేమిటి?"

"అదా మేడం. లోపల నీళ్ళు పడ్డాయి. మేస్త్రీ ఉన్నచోట బటన్ నొక్కేది అతనే, కంగారులో అయిదుకి బదులు ఒకటి నొక్కాడు. ఏడుసార్లూ ఒకటే. ఎవరూ రాకపోయేసరికి తనే పదకొండుమందిని మోకాలి లోతు నీళ్ళలో నడిపించుకొచ్చాడు. అదృష్టం కొద్దీ నీళ్ళు అక్కడితో ఆగాయి. తప్పు తనదేనని కాగితం రాసిచ్చి, ఇక ముందు వరసలో నిలబడనన్నాడు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుంటున్నాడు." మొన్న ఫోన్ వచ్చాక కూడా ఈ రెండు సంగతుల్నీ కలిపి చూడాలని ఆ మహానుభావుడికి తోచలేదు. అయినా ఆయన్ననడానికి నాకు నోరేది?

పదకొండో నంబరు ఎవరిదో నేను అడగలేదు. ఒకప్పుడు ఆ బిళ్ళని బావ మెళ్ళో వేసింది నేనే.

బావ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. "ఏంటి మరదలా, ఇక్కడిదాకా వచ్చావు? ఇవాళ కాస్త నడుము పట్టేసి బయట కూర్చున్నాను. మీ అక్కతో అనకు."

"బావా, నీళ్ళొచ్చిన రోజు ఏ బటన్ నొక్కారు?"

అతని మొహంలో నవ్వు పోయింది. కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. "అయిదే అనుకున్నాను. తెర మీద ఒకటి వచ్చిందన్నారు. మనిషి పొరబడతాడు గానీ తెర ఎందుకు పొరబడుతుంది? అందులోనూ నువ్వు చేసింది." చిన్నగా దగ్గాడు. "చీకటి, చేతికి తొడుగులు. పద్దెనిమిదేళ్ళ అలవాటున్న వేలు ఏడుసార్లు తప్పిందంటే, ఇక నా వెనక పదిమందిని నిలబెట్టుకోకూడదు. అందుకే తప్పుకున్నాను."

పెద్దాయన తిట్టనందుకు పడ్డ బాధ దీని ముందు ఎంత? మా బావ ఇరవై రోజులుగా తన చేతిని తను నమ్మడం మానేశాడు, నా పెట్టెని నమ్మి.

"వేలు తప్పలేదు బావా. ఏడుసార్లూ మీరు అయిదే నొక్కారు. అది ఒకటని చూపించింది. లెక్క నేను తప్పు వేశాను."

అతను బొటనవేలు మళ్ళీ చూసుకున్నాడు. తిడతాడేమో అని నిలబడ్డాను. తిట్టించుకోవాలనే నిలబడ్డాను. "ఏడుసార్లూనా?" అన్నాడు చివరికి.

"ఏడుసార్లూ."

"సరే. సరిచేశావు కదా, ఇంకేం." ఊపిరి వదిలి మళ్ళీ కూర్చున్నాడు. "ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ. నాకు తెలిసింది, చాలు. నీ ఉద్యోగానికి చేటు తెచ్చుకోకు. నాకీ కుర్చీ బాగానే ఉంది."

బాగాలేదని ఆ కుర్చీ చూస్తేనే తెలుస్తోంది. నాకు ఉద్యోగం పోతుందని భయం ఉంది. మేనేజరుకి మాటిచ్చానన్న బెరుకూ ఉంది. అవి రెండూ తీసేసి చూసుకుంటే ఇంకా ఒకటి మిగిలింది. నేను చేసిన తప్పు ఇంకొకరి సంతకం కింద బీరువాలో ఉంది. దాన్ని అక్కడ వదిలేసి ఇంటికెళ్ళి అక్క మొహం చూడలేను.

"లేవండి" అని కంట్రోల్ గదికి తీసుకెళ్ళాను. క్లర్కుని ఆ కాగితం తియ్యమన్నాను. మూడే వాక్యాలు. బావ చేతిరాత ఎప్పుడూ ఇంత చిన్నగా ఉండగా చూడలేదు. కంగారులో ఒకటో బటన్ నొక్కినట్టు ఒప్పుకుంటున్నాను. తప్పు పూర్తిగా నాదే. ఇకమీదట ముందు వరసలో పనిచెయ్యను. కింద సంతకం.

ఆ సంతకం కింద నేను రాశాను. "ఈయన నొక్కింది అయిదో బటనే. దాన్ని ఒకటోదిగా చూపించిన లెక్క నాది." కంపెనీ పేరు, నా హోదా, తేదీ వేసి సంతకం పెట్టాను. క్లర్కు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పదకొండో నంబరు బిళ్ళని తిరగరాసి బావ మెళ్ళో వేసి, "నొక్కండి" అన్నాను.

నొక్కాడు. తెర మీద నీళ్ళు వస్తున్నాయని వచ్చింది. బావ దాన్ని చూడనే లేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ నా రెండు వాక్యాల్నీ రెండుసార్లు చదువుకుంటున్నాడు.

"దీన్ని ఒక్క పూట ఇంటికి తీసుకెళ్ళనిస్తారా?" అన్నాడు. "మీ అక్కకి చూపించి, పొద్దున్నే తెచ్చి ఇచ్చేస్తాను."

"ముందు మీ పెద్ద ఇంజనీరుకి చూపిద్దాం, పదండి" అన్నాను.